కోహినూరు కన్నా ముందు కర్నూలు

యుద్ధాల్లో పోయిన సొత్తు మాట రాగానే అందరి నోటా కోహినూరే. రాయలసీమ పోగొట్టుకున్నదాని ఊసెత్తేవారు తక్కువ. 1579లో గోల్కొండ సేనాని మురహరిరావు అహోబిలం ఆలయాన్ని కొల్లగొట్టి, కెంపులు పొదిగిన విగ్రహాన్ని తన సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షాకు కానుకగా పట్టుకెళ్ళాడు. గండికోటది ఇంకా ఘోరం. కోటను గెలిచిన గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గుళ్లలోని రాగి విగ్రహాలను పోగుచేసి ఫిరంగులు పోయించడానికి పూనుకున్నాడని 1652లో అక్కడికొచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. కరిగిపోయినదాన్ని ఎవరూ తిరిగివ్వలేరు. అందుకే ఆధారం దొరికే చోట మొదలుపెట్టాలి. అది కర్నూలు. ఆయుధాలు కూడబెడుతున్నాడన్న అనుమానంతో 1839లో ఈస్టిండియా కంపెనీ నవాబు గులాం రసూల్ ఖాన్ మీదికి సేనను పంపి, సంస్థానాన్ని కలిపేసుకుంది. గెలిచిన చోట దొరికిన సొత్తును ప్రైజ్ ఏజెంట్ల చేత వేలం వేయించి, హోదాను బట్టి వాటాలు పంచుకోవడం ఆ సైన్యానికి మామూలే. దోపిడీకి కూడా పద్దు రాసుకున్న ఆ గుమాస్తా బుద్ధే ఇవాళ మనకు అక్కరకొస్తుంది. మద్రాసు ప్రభుత్వ పాత కాగితాలు చెన్నై ఆర్కైవ్స్‌లో, లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. కర్నూలు కత్తులు, రాతప్రతులు ఎవరి చేతికి చేరాయో ముందు అక్కడ వెతకాలి.

పాత యుద్ధాలకు చట్టం వర్తించదు కదా అంటారు. నిజమే, సాంస్కృతిక సొత్తుపై 1970 నాటి యునెస్కో ఒప్పందం వెనకటి కాలానికి చెల్లదు. నాజీలు దోచిన చిత్రాలపై 1998లో 44 దేశాలు వాషింగ్టన్‌లో ఒప్పుకున్న సూత్రాలకూ చట్టబలం లేదు. అయినా వాటి ఆసరాతో ఎన్నో చిత్రాలు వారసులకు చేరాయి. గోల్కొండను వదిలి తెల్లవాళ్లనే నిలదీయడం పక్షపాతమనేది మరో అభ్యంతరం. పోయిన సొత్తు జాబితాలో అందరి దోపిడీనీ రాయాల్సిందే. అడగడం మాత్రం వస్తువు ఇవాళ ఎవరి దగ్గరుంటే వాళ్లనే. ఇక అహోబిలాన్ని మతకక్షకు వాడుకోవాలనుకునేవారికి చిక్కే: మురహరిరావు బ్రాహ్మణుడు, అతనికి తోడు నిలిచింది హండే నాయకులనే స్థానిక హిందూ పాలకులు.

తెచ్చి కాపాడగలమా అన్నదే నన్ను తడబాటులో పడేసే ప్రశ్న. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ శిల్పఫలకం మన దగ్గరే దొంగల పాలై ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి చేరింది. అది ఇక్కడిదేనని పాత ఫోటోలు తేల్చాక 2016లో ఆ గ్యాలరీ తిరిగిచ్చింది. అంటే మన మ్యూజియాల్లో ఇప్పుడున్న ప్రతి వస్తువుకూ ఫోటో, కొలతలు, నమోదు సంఖ్య ఉండాలి. కర్నూలు, కడప మ్యూజియాల్లో ఆ పని చేయడానికి లండన్ అనుమతి అక్కర్లేదు.