గట్టెక్కినోళ్ల లెక్కేదీ?

2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించాక ఊరి బయట పొలాల్లో ఇంజనీరింగ్ కాలేజీలు లేచాయి. అడ్మిషన్ల రోజుల్లో వాటి ఏజెంట్లు మా మాల మాదిగ వాడలకు వరసపెట్టి వస్తారు. ఎందుకొస్తారో మాకు తెలుసు. వాళ్ల పద్దు పుస్తకంలో మన పిల్లోడంటే సర్కారు ఫీజొచ్చే తలకాయ.

హాస్టల్లో ఉండి తెలుగు మీడియం చదివినోడికి మొదటి రోజే లెక్కలూ ఇంగ్లీషులోనే. చాలాచోట్ల పాఠం చెప్పేది నిన్న పాసైన కుర్రాడే. ల్యాబులో పరికరాలు తనిఖీ వారంలోనే కనపడతాయి. ఇంక సబ్జెక్టులు తప్పక ఏం చేస్తాయి? నాలుగేళ్లకు పట్టా రాదు, బ్యాక్‌లాగులు మిగులుతాయి. అప్పుడు "రిజర్వేషనోడు, మెరిట్ లేదు" అంటారు. డొనేషన్ కట్టినోడు తప్పితే మాత్రం పేపరు కష్టమొచ్చిందంట! పాఠం చెప్పని కాలేజీ మెరిట్ అడిగే నాథుడు లేడు.

సర్కారు ఫీజు బాకీ పడితే పిల్లోడి సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళమేస్తారు. ఒరిజినల్స్ ఉంచుకోరాదని 2018లో యూజీసీ చెప్పింది. వింటున్నదెవరు?

మేం అడిగేది ఒకటే. ఎస్సీ, ఎస్టీ పిల్లలు ఎంతమంది చేరారు, ఎంతమంది పట్టా పట్టుకుని బయటికొచ్చారు? ప్రతి కాలేజీ గేటు మీద రాయాలి. రాయని కాలేజీకి సర్కారు రూపాయి ఇవ్వకూడదు. వాడ పెద్దలారా, ఈసారి ఏజెంటు గడప తొక్కితే పిల్లోడి సర్టిఫికెట్లు చేతిలో పెట్టకముందే ఈ లెక్క అడగండి.