ఇల్లాలి ముచ్చట: పింగాణి పన్ను ఏల ఊడును?



మొన్నటి సంక్రాంతికి మా యింట జరిగిన యొక చిన్న సంగతితో ఈ నెల ముచ్చట మొదలిడుచున్నాము. సంగతి చిన్నదే గాని, అందొక యాడుపిల్ల కన్నీరు కలదు గాన వ్రాయక యుండలేకపోతిమి.

మా చిన్న తోడికోడలి పుట్టినిల్లు కనిగిరి ప్రాంతము. ఆ వైపు బావులలో, బోరులలో ఫ్లోరైడు మిక్కుటము. శాశ్వతదంతములు చిగుళ్ళలోపల రూపొందు బాల్యమున ఆ నీరు త్రాగిన బిడ్డలకు పండ్లపై గోధుమరంగు మరకలు పడును. ఎంత తోమినను అవి పోవు. అదే నీరు పెద్దవారి యెముకలను, కీళ్ళను బిగించివేయుటను 1937లో షార్టు మొదలగు వైద్యులు లోకమునకు వెల్లడించిరి. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనివి. కావ్యములందు నాయికల పలువరుసను మల్లెమొగ్గలతో పోల్చిన చోటు వచ్చినప్పుడెల్ల మా తోడికోడలు పుస్తకము మూసివేసెడిది. నవ్వు వచ్చినచో కొంగు నోటికి అడ్డము పెట్టుకొనుట ఆమెకు చిన్ననాటి యలవాటు.

పెండ్లికి ముందు పుట్టింటివారు అప్పుచేసి పై ముందుపండ్లు నాలుగింటికి పింగాణి రేకులు అతికించిరి. వీనిని వైద్యులు వెనీరులందురు. గోటివలె పలుచనైన రేకును పంటి ముఖమున అతికింతురు. సంక్రాంతినాడు భోజనముల వేళ అందొక రేకు ఊడి విస్తరిలో పడెను. మా యత్తగారు చూచి, “అరిసె ముందుపళ్ళతో కొరికి ఉంటుంది. అంత డబ్బు పోసింది ఇందుకా?” అనిరి. పొరుగింటివారు చెప్పులు అతికించు జిగురు తెచ్చియిచ్చిరి. పిల్ల వంటయింటిలోనికి పోయి, “అక్కయ్యా, నేను తుంచుకునే తిన్నాను, ఒట్టు” అని యేడ్చెను.

మేము ఆ జిగురును వలదంటిమి. రేకును కడిగి, ఖాళీ కుంకుమభరిణెలో నుంచి, మూడవనాడు ఆమెను వెంటబెట్టుకొని కాకుమాను నుండి గుంటూరునకు వేఱొక వైద్యురాలి కడకు పోతిమి.

ఆ వైద్యురాలు ఏమి తింటివని యడుగలేదు. రేకును దీపము క్రింద త్రిప్పి లోపలి వైపు చూచెను. పిదప పంటిని చూచెను. చూచి యిట్లనెను: “అతికించిన సిమెంటంతా పంటి మీదే ఉందండీ. రేకు లోపల అద్దంలా నున్నగా ఉంది. అంటే పంటికి అతుకు పట్టింది, పింగాణికే పట్టలేదు. ఈ అమ్మాయి తిన్నదానితో దీనికి పనిలేదు.” బాగుగా అతికిన రేకు గట్టిదెబ్బ తగిలినచో పగులును గాని, సాధారణముగా ఇట్లు నిండురేకై, నున్నగా ఊడిరాదట. ఆ మాట వినగానే పిల్ల ముఖమున నెత్తురు వచ్చినది.

అతుకు ఏల పట్టలేదు? వైద్యురాలు చెప్పిన వివరము వినుచుండగా మాకు మా అమ్మమ్మగారి యింటి వాకిట కళాయి వేయువాని కొలిమి జ్ఞప్తికి వచ్చినది. ఇప్పుడు స్టీలు పాత్రలు వచ్చిన పిదప వాడు ఊళ్ళకు వచ్చుట అరుదు. మా చిన్ననాట వచ్చెడివాడు. ఇత్తడి గిన్నెను ముందు ఇసుకతో రాచును. జిడ్డు, చిలుము పోవునట్లు తోమును. కొలిమిపై వేడిచేసి నవాసారము చల్లును. తెల్లని పొగ లేచును. అటుపిమ్మటనే తగరము తాకించి దూదితో తుడుచును. తగరము పట్టించుట క్షణము పని, గిన్నెను సిద్ధపఱచుట గడియ పని. ఎక్కడ జిడ్డు మిగిలెనో అక్కడ కళాయి పట్టదు. పింగాణి రేకు విషయమును అట్టిదే. అతుకు బలము జిగురులోకంటె అతుకబోవు తలమును సిద్ధపఱచుటలోనే హెచ్చుగా నున్నది.

పంటి వైపు మర్మమును 1955లో అమెరికా దేశమున బ్యునోకోర్ అను వైద్యుడు తెలిపెను. పంటి పైపెంకునకు కొంచెము ఫాస్ఫారిక్ ఆమ్లము తాకించి కడిగినచో కంటికి కనబడని గుంటలు పడును. జిగురు వానిలో దిగి పట్టుకొనును. ఫ్లోరైడు సోకిన పెంకు ఆమ్లమునకు అంత సులభముగా లొంగదు గాన, అట్టి పండ్లకు వైద్యులు పైపొరను కొంచెము అరుగదీయుటయో, ఆమ్లమును ఎక్కువసేపు ఉంచుటయో చేయుదురు.

పింగాణి వైపు మర్మము ఆలస్యముగా తెలిసినది. 1930ల దశకమున హాలీవుడ్డులో పింకస్ అను దంతవైద్యుడు నటుల పండ్లపై రేకులు నిలుపుటకు కట్టుడుపండ్ల పొడిని వాడెను. చిత్రీకరణము ముగియగానే అవి తీసివేయవలసినవే. 1983లో సైమన్సన్, కాలమియా యనువారు పింగాణిని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లముతో గఱుకుచేసినచో జిగురు గట్టిగా పట్టునని చూపిరి. పింగాణిలో గాజు పాలున్నది. ఈ ఆమ్లము ఆ గాజును కొంత తినివేసి సూక్ష్మమైన గుంటలు మిగుల్చును. లిథియము డైసిలికేటు అను జాతి పింగాణికి నూటికి 5 పాళ్ళ ఆమ్లము 20 సెకండ్లు చాలును. పాతరకపు పింగాణికి ఇంకను ఎక్కువసేపు కావలెను. మితిమీఱినచో రేకే బలహీనమగును. వంటలో ఉప్పువలె కొలత తప్పరాదు.

ఇందొక వింత గమనింపుడు. ఏ ఫ్లోరిను నీటిలో చేరి మా తోడికోడలి పండ్లను చెఱచెనో, ఆ ఫ్లోరినే ఈ ఆమ్లమందుండి ఆ మరకను కప్పు రేకును నిలుపుచున్నది. అయినను అది విషము. చర్మమునకు తాకినచో లోతుగా కాల్చును. కావున రేకును నోటి వెలుపలనే, జాగ్రత్తలతో సిద్ధపఱతురు. ఇంటిలో తలపెట్టదగిన పని కాదు.

గఱుకుచేసి, కడిగి, ఆరిన పిమ్మట సిలేను అను ద్రవమును పూయుదురు. అది పెండ్లిపెద్ద వంటిది. ఒక చేత గాజును, ఒక చేత జిగురును పట్టుకొని రెండింటిని కలుపును. ఆ ద్రవము పాతబడినచో పెండ్లిపెద్ద యుండియు సంబంధము కుదురదు.

అన్ని పింగాణులును ఒకటి కావు. కళాయి ఇత్తడికి, రాగికి పట్టును గాని సత్తుగిన్నెకు ఆ తీరున పట్టదు గదా! ఇప్పుడు దవడపండ్లకు వేయు తెల్లని తొడుగులు పెక్కు జిర్కోనియావి. అందు గాజు లేదు గాన పై యామ్లము నిరుపయోగము. దానిని అతికించునప్పుడు మిల్లీమీటరులో ఇరువదవ వంతంత సన్నని అల్యూమినా పొడిని గాలితో మెల్లగా చిమ్మి, ఎమ్.డి.పి. అను మందు గల పూతను పూయుదురు. పంటిని నలువైపుల గట్టిగా పట్టు తొడుగునకు దాని యాకారమే కొంత బలమిచ్చును. పలుచని రేకునకు అతుకు తప్ప వేఱు ఆధారము లేదు.

ఇక అన్నిటికంటె సూక్ష్మమైనది ఎంగిలి. అతికించుటకు ముందు రేకును ఒకమాఱు పంటిపై నుంచి సరిచూతురు. అప్పుడు లాలాజలము తాకును. ప్రయోగశాలనుండి ఎంత చక్కగా సిద్ధమై వచ్చినను ఆ తాకిడితో మైలపడినట్లే. మరల శుభ్రపఱచి, సిలేను పూసి, పిదపనే అతికింపవలెను. జిర్కోనియాకు ఉత్త నీళ్ళు చాలవు. లాలాజలములోని ఫాస్ఫేటులు దానిని అంటిపెట్టుకొని యుండును. ఫాస్ఫారిక్ ఆమ్లమును ఫాస్ఫేటునే మిగుల్చును గాన అదియు పనికిరాదు. పొడి చిమ్ముటయో, అందులకై చేసిన లేపనమును వాడుటయో కావలెను. మడికట్టుకొని వండు మన పెద్దలకు ఈ యెంగిలి పట్టింపు వింతగా తోపదు.

మా తోడికోడలి రేకు విషయమున ఏ మెట్టు తప్పెనో మేము చెప్పజాలము, ఎవరిని నిందింపజాలము. రేకు పగులలేదు గాన వైద్యురాలు దానినే శుభ్రపఱచి, మరల గఱుకుచేసి, సిలేను పూసి అతికించెను. పాత సిమెంటును పంటినుండి తీయుట, పంటిని ఆరబెట్టుట, దూది మార్చుట, వీనికే ఎక్కువ సమయము పట్టినది. అతికించుట రెండు నిమిషముల పని. మాకు మరల కళాయివాడే జ్ఞప్తికి వచ్చెను.

కావున సోదరీమణులకు మా మనవి. రేకుగాని తొడుగుగాని ఊడినచో పాఱవేయకుడు. లోపలివైపు గోటితోనైనను గీకకుడు, ఏలయన సాక్ష్యమంతయు అందే యున్నది. చిన్న డబ్బీలో నుంచి త్వరగా వైద్యునికడకు పొండు. ఇంటి జిగురులు అంటింపకుడు. అవి నోటికి తగవు, మరల అతికించు పనికిని అడ్డు. మీకు వేసినది ఏజాతి పింగాణియో అడిగి చీటీలో వ్రాయించుకొనుడు. ఖర్చునకు జంకువారికి గుంటూరు చెంత తక్కెళ్ళపాడులో దంతవైద్య కళాశాల కలదు. కళాశాల ఆసుపత్రులలో సాధారణముగా వ్యయము తక్కువ. అన్నిటికంటె ముఖ్యముగా, ఊడినది చూచినంతనే తిన్నవారిని తప్పుపట్టకుడు.

ఆ రాత్రి మేము వైద్యురాలి మాటలు అత్తగారికి కళాయి పోలికతో చెప్పితిమి. ఆమె కొంతసేపు మాటాడలేదు. మరునాడు అరిసెల డబ్బా తెచ్చి చిన్నకోడలి ముందుంచి, “తుంచుకునే తినులే” అనిరి. పిల్ల నవ్వెను. కొంగు నోటికి అడ్డము రాలేదు.

— ఒక ఉపాధ్యాయుని ఇల్లాలు, కాకుమాను