‘నా డెక్ ఎలా ఉంది బాబాయ్?’

రమ్మీ ఆడేవాళ్లకి ఓ సౌకర్యం ఉంది. ఓడిపోతే నెపం ముక్కల మీదకి నెట్టేయొచ్చు. పేక అందరిదీ, పంచింది ఇంకెవరో, మనకేమో ఒక్క జోకరూ పడలేదు... అంతే! పోకెమాన్ కార్డులాడే పిల్లలకి ఆ వీలు తక్కువ. అక్కడ ఎవరి పేక వాళ్లే కట్టుకుని తెచ్చుకోవాలి. వేలరకాల కార్డుల్లోంచి అరవై ఏరి పేర్చుకున్న ఆ కట్టనే ‘డెక్’ అంటారు. అది ఓడిందంటే దాన్ని కట్టిన బుర్ర ఓడినట్టే అనిపిస్తుంది పిల్లలకి. అందుకే పదేళ్ల పిల్లాడు తన డెక్‌కి రబ్బరుబ్యాండు చుట్టి తెచ్చి (దానివల్ల అంచులు నలుగుతాయి గానీ ఆ మాట తర్వాత చెప్పొచ్చు) ‘ఎలా ఉంది బాబాయ్?’ అని మీ చేతిలో పెట్టాడంటే, మొదటిసారి తనే రాసిన కథ చూపిస్తున్నాడన్నమాట.

దానికి సాధారణంగా రెండురకాల జవాబులు వస్తాయి. పెద్దలైతే చూసీ చూడకుండా ‘సూపర్‌రా’ అంటారు. ఆట తెలిసిన అన్నలైతే ‘ఇది పనికిరాదు, పోటీల్లో గెలిచిన డెక్‌లు ఇంటర్నెట్‌లో ఉంటాయి, చూసి కట్టుకో’ అంటారు. చూసి కట్టుకోవడం తప్పేం కాదు, చాలామంది అలాగే నేర్చుకుంటారు. కానీ వాడు అడిగింది ఏది మంచి డెక్ అని కాదుగా! తన డెక్ సంగతి అడిగాడు. నిజానికి ఆ రెండు జవాబుల్లోనూ వాడు కట్టిన కట్టని ఎవరూ విప్పి చూడలేదు.

ఎవరికి వాళ్లు పేక కట్టుకునే ఈ పద్ధతికి ఊపు తెచ్చింది ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’. రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే గణితం చదివిన అమెరికన్ రూపొందించగా 1993లో వచ్చింది. పోకెమాన్ కార్డులు 1996లో జపాన్‌లో మొదలయ్యాయి. నియమాలు మరీ కష్టమేం కాదు. డెక్‌లో సరిగ్గా 60 కార్డులుండాలి. మామూలు ఎనర్జీ కార్డులు తప్ప ఒకే పేరున్నవి నాలుగుకు మించకూడదు. ఆట మొదట్లో ఏడు ముక్కలు తీసుకోవాలి. ఆరు ‘ప్రైజు’ కార్డుల్ని బోర్లా పెట్టి పక్కనుంచాలి. ఎదుటివాడి పోకెమాన్‌ని పడగొట్టినప్పుడల్లా వాటిలోంచి తీసుకుంటూ పోవాలి.

మరి డెక్ చూసి ఏం చెప్పాలి? ముందు చెప్పొద్దు, అడగండి. ‘దీంతో ఎలా గెలుద్దామనుకున్నావ్?’ అని.

‘చారిజార్డ్‌తో!’ అంటాడు. అది నిప్పులు కక్కే డ్రాగన్ లాంటిది. పిల్లల్లో దానికున్న మోజు అంతా ఇంతా కాదు. సరే, లెక్క చూడండి. చారిజార్డ్‌ని తిన్నగా బల్లమీద దించడానికి వీల్లేదు. ముందు చార్‌మాండర్ ఉండాలి, అది పెరిగి చార్‌మీలియన్ కావాలి, అదీ పెరిగితే చారిజార్డ్. దించిన వంతులోనే పెంచడం కుదరదు. మధ్యమెట్టు దాటించే ‘రేర్ క్యాండీ’ అనే కార్డు ఉన్నా, కింద చార్‌మాండర్ లేకపోతే అదీ పనిచేయదు. పైగా తొలితరం చారిజార్డ్‌ దాడి చేయాలంటే నాలుగు ఎనర్జీలు తగిలించాలి. వంతుకి ఒక్కటే తగిలించనిస్తారు. కొట్టాక రెండు తీసి పారేయాలి కూడా. ఇప్పుడు పిల్లాడి డెక్ చూస్తే చారిజార్డ్‌లు నాలుగు, చార్‌మాండర్ ఒక్కటి! మేడమీద నాలుగు గదులు కట్టి మెట్లు మరచిపోయినట్టు.

ఈ మాట మీరు చెప్పేస్తే వాడి మొహం వాడిపోతుంది. ‘చారిజార్డ్ దిగి కొట్టడానికి ఎన్ని వంతులు పడుతుంది? ఆలోపు నిన్నెవరు కాపాడతారు?’ అని అడగండి చాలు. వేళ్లు ముడుచుకుంటూ వాడే లెక్కేసి, వాడే నాలిక కరుచుకుంటాడు. ఆట తెలియని అమ్మానాన్నలు కూడా ఈ ప్రశ్న అడగొచ్చు. తెలిసినవాళ్లకంటే బాగా అడగొచ్చేమో కూడా, ఎందుకంటే వాళ్ల నోటిచివర జవాబు సిద్ధంగా ఉండదు!

లెక్కలంటే పారిపోయే పిల్లలు ఈ ఆటలో మాత్రం కూర్చుంటారు. మొదటి ఏడు ముక్కల్లో ఒక్క బేసిక్ పోకెమాన్ కూడా పడకపోతే ముక్కలు చూపించి, మళ్లీ కలిపి, మళ్లీ తీసుకోవాలి. అలా జరిగినప్పుడు ఎదుటివాడు ఒక ముక్క అదనంగా తీసుకోవచ్చు. డెక్‌లో బేసిక్ పోకెమాన్లు 8 ఉంటే నూటికి దాదాపు 35 సార్లు ఈ తిప్పలు తప్పవు. 12 ఉంటే 19 సార్లే. ఒక కార్డు నాలుగు పెట్టుకుంటే మొదటి ఏడింటిలో కనీసం ఒకటి కనిపించే అవకాశం 40 శాతం. ఒక్కటే పెట్టుకుంటే 12 శాతం లోపు. ఇవేవీ నోటితో చెప్పక్కర్లేదు. డెక్ బాగా కలిపి ఏడు ముక్కలు తీయమనండి. వాటితో ఆట మొదలుపెట్టగలడో లేదో కాగితం మీద రాయమనండి. అలా పదిసార్లు. ఆరుసార్లు ‘లేదు’ అని వచ్చిందంటే ఇక మీరు విమర్శించాల్సిన పనే ఉండదు.

కొత్తగా కట్టేవాళ్ల డెక్‌లలో ఎక్కువగా కనిపించే లోటు ఇంకోటుంది. ముక్కలు తెచ్చిపెట్టే ‘ట్రైనర్’ కార్డులు తక్కువ, ఎనర్జీలు బోలెడు. ‘ప్రొఫెసర్స్ రీసెర్చ్’ అనే కార్డుంది. చేతిలో మిగిలిన ముక్కలన్నీ పారేసి కొత్తగా ఏడు తీసుకోవచ్చు. అంత పనికొచ్చేదాన్ని పిల్లలు పక్కన పడేస్తారు. పాపం, ఆ బొమ్మలో నిప్పులూ లేవు, రెక్కలూ లేవు!

సరే, అది పెట్టమన్నారు. మరి ఏది తీయాలి? అసలు చిక్కంతా ఇక్కడే. ఆట తెలిసినవాళ్లు ‘ఇది వెయ్, అది వెయ్’ అని పది పేర్లు గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తారు. అరవైకి పది కలిస్తే డెబ్భై. తీసేవేవో చెప్పని సలహా సగం సలహానే. నన్నడిగితే ఒకసారికి రెండుమూడు ముక్కలకు మించి మార్చనివ్వకూడదు. ఒకేసారి ఇరవై మారిస్తే ఏ మార్పువల్ల గెలిచాడో వాడికీ తెలియదు, మీకూ తెలియదు. పైగా అప్పటికి ఆ డెక్ మీదైపోతుంది.

‘మంచి కార్డులు కొనుక్కో’ అన్నది మరీ తేలికపాటి సలహా. ఆ మాట అనేముందు పాల్ స్లై సంగతి గుర్తుచేసుకోవాలి. 1996లో అమెరికాలోని అట్లాంటాలో జరిగిన మ్యాజిక్ పోటీకి ఆయన తెచ్చిన డెక్‌లో చాలా కార్డులు విడివిడిగా చూస్తే ఎవరూ తాకనివే. డెక్ ఆలోచన జే ష్నైడర్ అనే మరో ఆటగాడిది. కిటుకల్లా ఖర్చుని వరసగా పేర్చడమే. మొదటి వంతులో దించగలిగేవి కొన్ని, రెండో వంతుకి కొన్ని, మూడో వంతుకి కొన్ని. ఏ వంతూ వృథా పోకూడదు. ఎదుటివాళ్లు ఖరీదైన ముక్కలు పట్టుకుని ఎదురుచూస్తుండగానే ఈ చిన్నాచితకా ముక్కలు పని కానిచ్చేశాయి. ఆ తరహా డెక్‌లకు ఆటగాళ్లు ఆయన పేరే పెట్టుకున్నారు. ఆ డెక్‌ని ఒక్కో కార్డూ తీసి చూసినవాడెవడైనా ‘చెత్త’ అనే ఉండేవాడు.

పోటీకి వెళ్లే పిల్లలైతే మాత్రం మొహమాటం వద్దు. అధికారిక పోటీల్లో నకిలీ కార్డులు చెల్లవు. ప్రధాన విభాగంలో మరీ పాతవీ చెల్లవు. బల్ల దగ్గర జడ్జి చెబితే కన్నీళ్లొస్తాయి కాబట్టి ఆ కబురు ఇంట్లోనే చెప్పాలి. వారాంతంలో చెల్లితోనో పక్కింటి స్నేహితుడితోనో ఆడుకునే డెక్‌కి అంత కోత అవసరం లేదు.

ఎంత చెప్పినా కొందరు ఒక్క ముక్క మాత్రం వదలరు. దేనికీ పనికిరాని ఓ పికాచు ఉంటుంది. పుట్టినరోజునాడు తాతయ్య ఇచ్చింది. తీసేయమంటే డెక్ లాక్కుని వెళ్లిపోతుంది పిల్ల. ఉండనివ్వండి. అరవైలో ఒకటి. పది ఆటల్లో ఒకసారి అది ఎలాగూ ప్రైజుల్లోనే పడుకుని ఉంటుంది.