జాబితాలో మిగిలిన పేర్లు

మీ పూర్వులెవరని లండను నగరమునుండి సర్ ఐజక్ హెర్డ్ అను వంశావళీ పరిశోధకుడు లేఖ వ్రాసి ప్రశ్నింపగా, అమెరికా తొలి అధ్యక్షుడైన జార్జి వాషింగ్టన్, ఆ విషయమున తాను అంతగా శ్రద్ధ వహింపలేదని ఒప్పుకొనుచు, తన ముత్తాత జాన్ 1657 ప్రాంతమున ఇంగ్లండు ఉత్తరభాగమునుండి వర్జీనియాకు వచ్చినట్లు విన్నానని 1792లో ప్రత్యుత్తరమిచ్చెను. ఉత్తరభాగమనుట పొరపాటే. తన ముత్తాత పుట్టిన సీమ అంతటి మహాపురుషునికే తెలియకపోయినది.

హెర్డ్ చేసిన ఊహయు నిలువలేదు. సర్ జాన్ వాషింగ్టన్ అను వేరొకనిని ఈ జానే అనుకొని జార్జి వంశవృక్షమును కూర్చగా, పేరు కలిసినంతమాత్రమున మనిషి కలియడని 1866లో జోసెఫ్ చెస్టర్ అను పరిశోధకుడు నిరూపించెను. తుదకు హెన్రీ వాటర్స్ అను అమెరికా దేశీయుడు, ఇంగ్లండులోని పాత వీలునామాల కట్టలను ఏండ్లతరబడి విప్పి చదివి, ట్రింగ్ పట్టణవాసియైన ఆండ్రూ నోలింగ్ వ్రాసిన వీలునామాలో ఆంఫిలిస్ వాషింగ్టన్ అను స్త్రీ పేరును, ఆమె బిడ్డల పేర్లను కనుగొని, ఆమె మరణానంతరము ఆస్తినిర్వహణాధికారమును జాన్ అను కుమారుడు పొందినట్లు తెలుపు చిన్న నమోదును దానికి జోడించి, ఆ కుమారుడే వర్జీనియా జాన్ అనియు, అతని తండ్రి పర్లీ గ్రామమున చర్చిగురువుగా నుండి 1643లో పార్లమెంటు పక్షమువారిచే పదవీచ్యుతుడైన లారెన్స్ అనియు 1889లో ప్రకటించెను. ప్రసిద్ధుడు కాని ఒక పట్టణవాసి తనవారికి పంచియిచ్చిన ఆస్తి వివరమే ఒక దేశాధ్యక్షుని వంశమూలమును చూపినది!

ఇట్టి పత్రములను చదువుటకు ఓర్పుతోపాటు ఆనాటి భాషాజ్ఞానమును కావలయును. కజిన్ అన్న మాటకు మేనల్లుడనియు అర్థము కలదు. సనిన్‌లా అన్నచో సవతికొడుకు కావచ్చును. తండ్రి బ్రతికియుండగనే తన భాగమును పుచ్చుకొన్న పెద్దకొడుకు పేరు వీలునామాలో కనబడకపోవుటయు కలదు. ఆనాటి కాలగణనయు తెలియవలెను: 1752కు పూర్వము ఆంగ్లరాజ్యమున సంవత్సరము మార్చి 25న మొదలగుటచేతను, పాత పంచాంగము నేటిదానికి పదునొకండు దినములు వెనుకబడియుండుటచేతను, జార్జి జన్మదినము నాటి లెక్కలో 1731 ఫిబ్రవరి 11, నేటి లెక్కలో 1732 ఫిబ్రవరి 22.

అయితే నేను ముఖ్యముగ చెప్పదలచినది వేరు. 1743లో తండ్రి ఆగస్టీన్ మరణించినపుడు, పదునొకండేండ్ల జార్జికి వీలునామామూలమున సంక్రమించినది భూమి మాత్రమే కాదు, పదిమంది బానిసలు కూడ. తల్లి బానిసయైనచో బిడ్డయు బానిసయే యని 1662లో వర్జీనియా శాసనసభ విధించియుండుటచేత, ఇంకను పుట్టని శిశువులు సైతము ఆనాటి వీలునామాలలో వారసులకు పంచబడిరి. మరణించినవారి ఆస్తి జాబితాలో మంచములకును పశువులకును నడుమ వెలకట్టబడిన ఆ మనుష్యుల పేర్లు, కొన్ని కుటుంబములకు ఆ ఒక్క కాగితముననే మిగిలియున్నవి. ఏలయన 1850, 1860 జనాభా లెక్కల బానిసపట్టికలలో వారి వయస్సును, స్త్రీపురుషభేదమును వ్రాసిరే కాని, పేర్లను దాదాపు వ్రాయనే లేదు. 1799లో జార్జి స్వయముగ వ్రాసిన పట్టికలో మౌంట్ వెర్నన్ బానిసలు 317 మంది కలరు. వారిలో తన సొత్తుగ నుండిన 123 మందికి ఆయన తన వీలునామాద్వారా స్వేచ్ఛ ననుగ్రహించెను. అది గొప్పపనియే. కాని తక్కినవారిలో పెక్కురు ఆయన భార్యయొక్క పూర్వభర్త ఆస్తికి చెందినవారగుటచే, ఒకే కుటుంబమున భర్త స్వతంత్రుడును, భార్యాబిడ్డలు బానిసలును అయిన దుస్థితి ఏర్పడెను.

తన పూర్వుని పేరును మాత్రము ఎత్తివ్రాసికొని, అదే పుటలోని ఈ పేర్లను విడిచి లేచిపోవు పరిశోధకుడు సగము పనియే చేసినవాడు. వాషింగ్టన్ వంశమునకు వాటర్స్ దొరకెను. ఈ బానిసల సంతతివారికి ఎవరు దొరకుదురు? జార్జి వీలునామా నేటికిని వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ న్యాయస్థానమున భద్రముగ నున్నది. ఆ ప్రాంతమున స్థిరపడిన మన తెలుగు కుటుంబములవారు, తీరిక దొరకినపుడు, అక్కడి పాత దస్తావేజులలోని బానిసల పేర్లను ఎత్తివ్రాసి, వెదకుకొనువారికి అందునట్లు చేయవలెనని నా మనవి.