అద్దె యింటిలోని అక్షరనిధి

2021వ సంవత్సరము మార్చి 10వ తేదీని ఫ్రాన్సు దేశమునందలి స్ట్రాస్‌బర్గు నగరమున ఓవీహెచ్ కంపెనీవారి సర్వరు భవనములలో నొకటి పూర్తిగా దగ్ధమైనది. ప్రక్క భవనమునకును కొంత నష్టము వాటిల్లెను. ప్రాణహాని కలుగలేదు. కాని లక్షలకొలది వెబ్‌సైట్లు ఆనాడు మూగవోయినవి. వానిలో కొన్నిటి సమాచారము మరల దొరకనే లేదు. ప్రతులు తీయకపోవుట కొందరి దోషము. ప్రతులు తీసియు, వానిని ఆ యావరణముననే యుంచుట మరికొందరి దోషము. అసలు కాలినచోటనే నకలును కాలినది.

ఎక్కడి ఫ్రాన్సు, ఎక్కడి మనము అని చదువరులు తలంపవచ్చును. నేడు మన పట్టణములలోని సాహిత్య సంఘములు, గ్రంథాలయములు, పాఠశాలలు, చిన్న పత్రికలు తమ వెబ్‌సైట్లను అద్దె సర్వరులయందే నిలుపుకొనుచున్నవి. అద్దె చెల్లించితిమి గనుక రక్షణభారము కంపెనీవారిదే యని పెక్కుమంది నిశ్చింతగా నున్నారు. ఈ నిశ్చింత ప్రమాదకరమని మేము చెప్పక తప్పదు. ఒప్పందపత్రమును చదివి చూడుడు. ప్రతులుంచుకొను బాధ్యత ఖాతాదారునిదే యని పెక్కు కంపెనీలు అందు వ్రాసియే యున్నవి.

అగ్ని కంటికి కనబడు శత్రువు. కనబడని శత్రువు మరియొకటి కలదు. డిస్కునందలి లోపముచేతనో, వ్రాత నడుచుచుండగా విద్యుత్తు పోవుటచేతనో ఫైలులోని యొక చిహ్నము తారుమారగును. ఫైలు పేరు మారదు. చూపులకు పరిమాణమును మారదు. తెరచిననాడు గాని చెరుపు బయటపడదు. తెలుగువారికి ప్రత్యేకమైన బాధ యొకటి కూడ కలదు. డేటాబేసును ఒక సర్వరునుండి మరియొకదానికి మార్చునప్పుడు యూనికోడు ఏర్పాటును విస్మరించినచో, మన యక్షరములన్నియు ప్రశ్నార్థక చిహ్నములుగా మారిపోవచ్చును. అట్లే భద్రమైనచో, ఆ చిహ్నములనుండి మూలమును రాబట్టుట యెవ్వరికిని సాధ్యము కాదు. రెండు డిస్కులపై నొకే మారు వ్రాయు ‘రెయిడ్’ ఏర్పాటు ఇచ్చట అక్కరకు రాదు. ఒక డిస్కు చెడినప్పుడు అది ఆదుకొనును గాని, తప్పు వ్రాతను రెండింటను సమానముగనే వ్రాయును. ప్రతిరాత్రియు పాత ప్రతిపై క్రొత్త ప్రతిని వ్రాయువారి గతియు నంతియే. చెడిన ఫైలు మంచి ప్రతిని మ్రింగివేయును.

కావున ప్రతులు మూడుండవలెను. అవి రెండు విధములైన సాధనములపై నుండవలెను. ఒకటియైనను వేరొక యూర నుండవలెను. పాతవానిని చెరపక, తేదీలవారీగా కొన్ని నెలలవరకు నిలుపవలెను. ప్రతి ఫైలునకును ‘చెక్‌సమ్’ అను ముద్రను లెక్కకట్టి వ్రాసియుంచవలెను. ఫైలులో నొక్క యక్షరము మారినను ఆ ముద్ర మారును గనుక దొంగ వెంటనే దొరకును. ఇది మనకు క్రొత్త నీతి కాదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను ఒక్కొక్క గ్రంథమునకు పెక్కు తాళపత్ర ప్రతులను సేకరించి, పండితులచేత సరిపోల్చించియే పాఠమును నిర్ణయించెను. ప్రతి యొక్కటియే యైనచో తప్పును పట్టుటకు ఆధారమే లేదు.

అయినను, ప్రతి యున్నదని నమ్ముట వేరు. అది పనికివచ్చునని యెరుగుట వేరు. 2017 జనవరి 31వ తేదీని గిట్‌ల్యాబ్ కంపెనీ యుద్యోగి యొకడు పొరపాటున ముఖ్య డేటాబేసును చెరపివేసెను. అచ్చట రక్షణోపాయము లైదు కలవు. అవసరమువేళ నొక్కటియు సరిగా పనిచేయలేదు. వేరొక పనికై ఆరుగంటల ముందు తీసిన నకలొకటి దైవికముగా మిగిలియుండుటచే గండము గడచినది. ఆ యారు గంటల డేటాబేసు సమాచారము మాత్రము పోయినది. సాంకేతిక నిపుణుల నిలయమునందే యిట్లు జరిగినప్పుడు మన చిన్న సంఘముల మాట చెప్పవలయునా?

మాది యొక్కటే విన్నపము. వెబ్‌సైటు గల ప్రతి సంస్థయు ఈ పనికి నొక సభ్యుని నియమించుగాక. ఆతడు నెలకొకమారు ప్రతిని తన చేతికి తెచ్చుకొని, వేరొక యంత్రముపై తెరచి, చదివి, సరియున్నదని కార్యవర్గమునకు చెప్పుగాక. ఇందుకగు వ్యయము స్వల్పము. శ్రమ యొక సాయంకాలము. ఇల్లు అద్దెదైనను అందలి నిధి మనది. దానికి కావలి మనమే.