టీచరుకూ కావాలి సాయం

మూడో తరగతి టీచరు ఒకామె ఇలా రాశారు: "నా తరగతిలో 34 మంది పిల్లలు. ఒక బాబుకు పుట్టుక నుంచీ కాళ్ళూ చేతులూ బిగుసుకుని ఉంటాయి. మాట స్పష్టంగా రాదు. అప్పుడప్పుడు ఫిట్స్ వస్తాయి. బడికి రావద్దనడానికి మనసొప్పదు. వస్తే ఏమవుతుందోనని భయం. ఏం చెయ్యమంటారు?"

అమ్మా, మీ భయం సహజమే. అయినా బాబును మాన్పించకండి. లక్షణాలను బట్టి ఇది సెరిబ్రల్ పాల్సీ కావచ్చు. పుట్టకముందో, పుట్టేటప్పుడో, పసితనంలోనో ఎదుగుతున్న మెదడుకు దెబ్బ తగలడం వల్ల కండరాలు అదుపు తప్పుతాయి. ఇది అంటువ్యాధి కాదు. మాట సరిగా రానంత మాత్రాన తెలివి లేదనుకోకూడదు.

ముందుగా, బాబుకు వైద్యం చేస్తున్న డాక్టరు చేత తల్లిదండ్రులు ఒక కాగితం రాయించి మీకివ్వాలి. ఏ మందు ఏ వేళకు వెయ్యాలి, ఫిట్స్ ఎలా మొదలవుతాయి, ఎంతసేపుంటాయి, ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్నవి అందులో ఉండాలి. చెబితే బడిలో చేర్చుకోరేమోనని కొందరు ఫిట్స్ సంగతి దాస్తారు. అది బిడ్డ ప్రాణానికే ముప్పు.

ఫిట్స్ వచ్చినప్పుడు గడియారం చూడండి. చుట్టూ ఉన్న బల్లలు జరిపించి, బాబును ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తనిది ఉంచి, మెడ దగ్గర గుండీలు వదులు చెయ్యండి. కాళ్ళూ చేతులూ అదిమి పట్టుకోవద్దు. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్ళు ఏవీ పెట్టకూడదు. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం వల్ల ఏ ప్రయోజనమూ లేదు. 5 నిముషాలు దాటినా, స్పృహ రాకముందే మళ్ళీ ఫిట్స్ వచ్చినా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

మిగతా రోజుల్లో గమనించవలసినవీ ఉన్నాయి. పాదాలు వేలాడకుండా కింద పీట వెయ్యండి. అన్నం మెత్తగా కలిపి, కూర్చోబెట్టి, చిన్న ముద్దలుగా పెట్టించండి. తల వెనక్కి వంచి పెడితే మెతుకులు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మరుగుదొడ్డికి ఎవరు తీసుకెళతారోనన్న బెంగతో ఇలాంటి పిల్లలు నీళ్ళు తాగడమే మానేస్తారు. దానితో మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తాయి. అందుకు వేళలూ, తీసుకెళ్ళే మనిషినీ ముందే ఏర్పాటు చేసుకోండి. ప్రశ్న అడిగాక జవాబుకు ఓపికగా ఆగండి. మాట రాకపోతే బొమ్మల అట్ట మీద వేలితో చూపించమనండి.

ఇదంతా ఒక్క టీచరు చెయ్యగల పని కాదు. ఒంటరిగా బాబును ఎత్తితే మీకు నడుము నొప్పి ఖాయం. సాయం కావాలని హెడ్మాస్టరు గారి ద్వారా మండల విద్యాధికారికి రాతపూర్వకంగా అడగండి. తెలుగు రాష్ట్రాల్లో సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాల్లో ఇలాంటి పిల్లల కోసం శిక్షణ పొందిన రిసోర్స్ టీచర్లు ఉంటారు. ఫిజియోథెరపీ సంగతి కూడా అక్కడే అడగండి. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉన్నట్లు సర్టిఫికెట్ ఉంటే, 2016 నాటి చట్టం ప్రకారం 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య ఆ బిడ్డ హక్కు.

తల్లిదండ్రులకు ఒక మాట: ఫిట్స్ తగ్గాయి కదా అని మందు మీ అంతట మీరు ఆపకండి. డాక్టరు మందు మార్చిన రోజే ఆ సంగతి టీచరుకు చెప్పండి.