కార్లకి గదుంది, అత్తయ్యకి లేదా?

మా అత్తయ్యగారు వచ్చినప్పుడల్లా ఆర్నెల్లపాటు హాల్లో సోఫా మీదే పడుకునేవారు. పడగ్గదులన్నీ మేడ మీద, ఆవిడకేమో మోకాళ్ళ నొప్పులు. స్నానానికైతే మెట్టుమెట్టుకీ ఆగుతూ రోజూ పైకెక్కాల్సిందే. ఈ న్యూజెర్సీ ఇంట్లో మా కార్లకి మాత్రం కింద దర్జాగా ఓ గది!

"గరాజ్‌ని గది చేయిద్దామండీ" అంటే, మావారు "మంచు పడితే కార్ల సంగతో?" అన్నారు. గీక్కుందాం, ఏమవుతుంది?

అయితే రంగేసి, కార్పెట్ పరిచి, హీటర్ పెట్టినంత మాత్రాన అది గదైపోదు. నీళ్ళు బయటికి పోవాలని గరాజ్ నేల తలుపు వైపు వాలుగా పోస్తారు. దాన్ని చదును చేయించాలి. గోడల్లో, పైకప్పులో ఇన్సులేషన్ వేయించాలి. అగ్ని ప్రమాదం జరిగితే మనిషి బయటపడేంత కిటికీ ఉండాలి. పర్మిట్ తీసుకోకపోతే రేపు ఇల్లు అమ్మేటప్పుడు తంటాలు.

డబ్బు చాలకపోతే అందరూ "తర్వాత చూద్దాం" అనేది బాత్రూమ్‌నే. నన్నడిగితే ముందు కట్టించాల్సింది అదే. మేం కొత్త ఫర్నిచర్ మానుకుని స్నానానికి వీలుగా బాత్రూమ్ కట్టించాం. పాత మంచమే వేశాం.

మొన్న మధ్యాహ్నం అత్తయ్యగారు లోపల గడియ పెట్టుకుని హాయిగా నిద్రపోయారు. మా ఇంట్లో ఆవిడ తలుపేసుకోవడం అదే మొదటిసారి. ఇన్నేళ్ళూ ఆవిడకి వేసుకోవడానికో తలుపే లేదని నాకప్పుడు తట్టింది.